ఆర్ట్ హిస్టరీ, ఆర్కిటెక్చర్ హిస్టరీలో పీజీ, పీహెచ్‌డీ: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ ఫైనలియర్ పిల్లలు, బీఆర్క్ చేసి ఆఫీసుల్లో డ్రాయింగులు గీసి గీసి విసిగినవాళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సెలవు దొరికితే చాలు హంపీకో అలంపురానికో బయల్దేరేవాళ్లు, అప్పుడప్పుడు వాళ్ల అమ్మానాన్నలు అడిగే ప్రశ్నలు ఇవి. ఇంజనీరింగ్‌కి, మెడిసిన్‌కి అయితే వీధికో సలహాదారు దొరుకుతాడు. దీనికి దొరకరు. అందుకే కాస్త వివరంగా రాశాను. ఫీజులు, తేదీలు ఏటా మారతాయి కాబట్టి అప్లై చేసేముందు ఆ యూనివర్సిటీ నోటిఫికేషన్ మీరే చదువుకోండి.

ఆర్ట్ హిస్టరీ అంటే బొమ్మలు వేయడం నేర్పుతారా?

నేర్పరు. బొమ్మలు వేయడం, శిల్పాలు చెక్కడం ఫైన్ ఆర్ట్స్. ఇక్కడ మన పని చూడటం, చదవడం, రాయడం. చేయి తిరిగిన చిత్రకారులు ఈ కోర్సులోకి వచ్చి ఇబ్బంది పడటం ఉంది, గీత కూడా సరిగ్గా గీయలేనివాళ్లు బాగా రాణించడం కూడా ఉంది.

చూడటం అంటే ఏమిటో ఒక రాయితో చెబుతాను. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి స్తూపానికి చెందిన పలక ఒకటి ఉంది. పల్నాటి సున్నపురాయి. ఒకవైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో చెక్కిన బొమ్మ: బోధివృక్షం, దాని చుట్టూ మొక్కుతున్న భక్తులు. బుద్ధుడు మనిషి రూపంలో లేడు. మూడు నాలుగు వందల ఏళ్ల తర్వాత అదే రాయిని వెనక్కి తిప్పి, రెండోవైపు స్తూపాన్నే చెక్కారు. అండం (స్తూపం గుండ్రటి గుమ్మటం), ప్రాకారం, వరసగా నిలబడ్డ ఐదు ఆయక స్తంభాలు (స్తూపం ముందుకి పొడుచుకొచ్చిన అరుగు మీద నిలిపేవి), అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి.

ఇక ప్రశ్నలు మొదలు. రాయిని ఎందుకు తిప్పారు? కొత్త రాయి తెచ్చే ఖర్చు తప్పించుకోవడానికా? పూజించే పద్ధతి మారి పాత బొమ్మ పాతబడిపోయిందా? స్తూపాన్ని పెద్దది చేస్తున్నప్పుడు పాత పలకలన్నీ విప్పారా? కట్టడంలో బిగించాక పాత ముఖం ఎవరికీ కనిపించదు కదా, అయినా దాన్ని చెరిపేయలేదేం? ఈ ప్రశ్నలకు ఆధారాలు వెతుక్కుంటూ పోతే రాయి, శాసనం, బౌద్ధ గ్రంథాలు, సాతవాహన ఇక్ష్వాకుల కాలపు ఆర్థిక పరిస్థితి అన్నీ తగులుతాయి. ఈ వెతుకులాట మీకు హుషారుగా అనిపిస్తే మీరు సరైన చోటికే వచ్చారు. ‘ఎంత అందంగా ఉందో’ అన్న దగ్గరే మనసు ఆగిపోతే అదీ మంచిదే. గుళ్లు చూసి రండి, డిగ్రీ అక్కర్లేదు.

దీనివల్ల ఎవరికి ఏం ఉపయోగం?

ఈ ప్రశ్న ఎక్కువగా బంధువులు అడుగుతారు. ఒక ఉదాహరణ గుర్తుపెట్టుకోండి. ప్రకాశం జిల్లా చందవరంలో తవ్వకాల్లో దొరికిన బౌద్ధ శిల్పం ఒకటి దొంగల చేతుల్లో పడి, దేశాలు దాటి, 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ కొనుగోళ్లలో తేలింది. అది మనదేనని తేలాక, 2016లో ఆ గ్యాలరీ భారతదేశానికి తిరిగి ఇచ్చేసింది. ఇలాంటి కేసుల్లో కోర్టుల కంటే ముందు పని చేసేది పాత ఫొటో, కొలతలు, ఎవరో ఒకరు ఓపిగ్గా రాసిపెట్టిన వర్ణన. మన జిల్లాల్లో అలా రికార్డు కాని విగ్రహాలు ఎన్నో ఉన్నాయి. రేపు పోతే, పోయిందని నిరూపించడానికి కూడా మన దగ్గర ఏమీ ఉండదు.

బీటెక్ చేశాను. నాకు సీటు ఇస్తారా?

ఇస్తారు, కానీ అన్నిచోట్లా కాదు. ఢిల్లీ జేఎన్‌యూలోని స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఈస్థటిక్స్‌లో ఎంఏకి ఏ డిగ్రీ ఉన్నా అప్లై చేయొచ్చు. 2001లో మొదలైన ఈ స్కూల్లో చిత్ర, శిల్ప కళలతో పాటు నాటకం, సినిమా కూడా చదువుతారు. ప్రవేశం సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా. ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీల్లో ఉండే ఎంవీఏ, ఎంఎఫ్ఏ (విజువల్ ఆర్ట్స్, ఫైన్ ఆర్ట్స్ పీజీలు) కోర్సుల్లో కొన్నింటికి బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) లాంటివి అడుగుతారు. నోటిఫికేషన్‌లో అర్హత అన్న పేరా ముందు చదవండి, తక్కినవి తర్వాత.

ఇంజనీర్లకు ఒక లాభం ఉంది. కట్టడం ఎలా నిలబడిందో అడిగే అలవాటు వాళ్లకు ఉంటుంది. రామప్ప గుడి విమానానికి (గర్భగుడి మీది శిఖరానికి) నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారని అందరం గొప్పగా చెప్పుకుంటాం. ఆ బరువు తగ్గడం వల్ల కింద గోడ మీద, ఇసుక నింపిన పునాది మీద ఏం మార్పు వచ్చిందో లెక్కగట్టి రాయగలిగినవాళ్లు ఈ రంగంలో తక్కువ.

మన దేశంలో ఎక్కడెక్కడ చదవొచ్చు?

ఇంటికి దగ్గరలో కావాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. అక్కడ సరోజినీ నాయుడు స్కూల్లోని ఫైన్ ఆర్ట్స్ విభాగంలో ఆర్ట్ హిస్టరీ, విజువల్ స్టడీస్‌లో ఎంవీఏ ఉంది, పీహెచ్‌డీ కూడా ఉంది. బరోడా ఎంఎస్ యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ ఈ చదువుకి దేశంలో పాత పేరు. చిత్రకారులు, శిల్పులు, చరిత్రకారులు ఒకే ఆవరణలో ఉండటం అక్కడి బలం. శాంతినికేతన్ కళాభవన్, బెనారస్ హిందూ యూనివర్సిటీ, చండీగఢ్‌లోని పంజాబ్ యూనివర్సిటీలో కూడా కళా చరిత్ర విభాగాలున్నాయి. మ్యూజియం పని, పరిరక్షణ వైపు మొగ్గు ఉంటే నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ చూడండి. పాతరోజుల్లో దీన్ని నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ అనేవారు.

ఇందులో ఏది మంచిది అని అడక్కండి. మీకు నచ్చిన విషయం మీద పనిచేసే అధ్యాపకులు ఎక్కడున్నారో అదే మంచిది. ఆధునిక చిత్రకళ మీద ఆసక్తి ఉన్న విద్యార్థి దేవాలయాల నిపుణుడి దగ్గర చేరితే ఇద్దరికీ నరకమే.

ఉస్మానియాలోనో, ఎస్వీయూలోనో పురావస్తు శాస్త్రం చదివితే సరిపోదా?

చాలామందికి సరిపోతుంది. ఉస్మానియాలోనూ, తిరుపతి శ్రీ వేంకటేశ్వరలోనూ ప్రాచీన చరిత్ర, సంస్కృతి, పురావస్తు విభాగాలున్నాయి. తెలుగు విశ్వవిద్యాలయం శ్రీశైలంలో చరిత్ర, సంస్కృతి, పురావస్తు పీఠం నెలకొల్పింది. తవ్వకాలు, శాసనాలు, నాణేలు ఇక్కడ నేర్చుకున్నంత బాగా ఆర్ట్ హిస్టరీ విభాగాల్లో నేర్పరు. ప్రభుత్వ పురావస్తు శాఖల్లో ఉద్యోగం మీ లక్ష్యమైతే ఇదే దారి నయం, ఎందుకంటే ఆ పోస్టుల నోటిఫికేషన్లలో చాలావాటికి పురావస్తు శాస్త్రం, ప్రాచీన చరిత్ర లాంటి డిగ్రీలే అడుగుతారు. ఆర్ట్ హిస్టరీ ఎంఏ చేసి, పోస్టు పడ్డాక అర్హత లేదని తెలిసి తలపట్టుకున్నవాళ్లున్నారు.

బీఆర్క్ అయింది. కన్జర్వేషన్ చేయాలా, హిస్టరీ చేయాలా?

రెండూ వేరు. కన్జర్వేషన్‌లో గోడకి పగులు ఎందుకొచ్చింది, సున్నం గార ఎలా కలపాలి, ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్నవి నేర్చుకుంటారు. ఢిల్లీ, భోపాల్ ఎస్‌పీఏల్లో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఎంఆర్క్ కన్జర్వేషన్ ఉంది, అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీలోనూ ఇలాంటి మాస్టర్స్ ఉంది. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల వద్ద ఆగాఖాన్ ట్రస్టు ఫర్ కల్చర్ 2013లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి చేసిన పని చూసొస్తే ఈ చదువు ఎక్కడికి దారితీస్తుందో అర్థమవుతుంది. అక్కడ పాత సిమెంటు పూతలు ఒలిచి మళ్లీ సున్నంతో పని చేయించారు.

హిస్టరీలో మాత్రం మీ చేతికి తాపీ కాదు, కలం వస్తుంది. చార్మినార్‌ని 1591లో ఊరి నడుమ ఎందుకు కట్టారు, దాని చుట్టూ వీధులు ఎలా గీశారు, ఆ నమూనా ఎక్కడి నుంచి వచ్చింది అనే ప్రశ్నలు. భారతదేశంలో ఆర్కిటెక్చర్ చరిత్రకే ప్రత్యేకమైన పీజీలు అరుదు. విదేశాల్లో ఎంఐటీ వాళ్ల హిస్టరీ, థియరీ, క్రిటిసిజం కార్యక్రమం, లండన్ బార్ట్‌లెట్‌లో ఆర్కిటెక్చరల్ హిస్టరీ ఎంఏ, కార్నెల్, బర్కిలీల్లో పీహెచ్‌డీలు పేరున్నవి. దక్కన్ సుల్తానుల కట్టడాల మీద మనసుంటే హార్వర్డ్, ఎంఐటీలు కలిసి నడిపే ఆగాఖాన్ ఇస్లామిక్ ఆర్కిటెక్చర్ కార్యక్రమం గురించి తప్పక చదవండి.

ప్లాను, సెక్షను చదవడం, కొలతలు తీసి గీయడం మీకు వచ్చు. ఆర్ట్ హిస్టరీ నుంచి వచ్చినవాళ్లకి ఇది రాదు. దీన్ని చిన్నచూపు చూడకండి, అప్లికేషన్‌లో గట్టిగా చెప్పండి.

రీసెర్చ్ టాపిక్ ఎలా ఎంచుకోవాలి?

‘కాకతీయ శిల్పకళ’ టాపిక్ కాదు. అది ఒక అలమారా పుస్తకాలకు పేరు. టాపిక్‌లో ప్రశ్న ఉండాలి.

వరంగల్ కోటకే వెళ్దాం. 1323లో తుగ్లక్ సేనలు కోటను పట్టుకున్నాయి. మధ్యలో ఉన్న స్వయంభూ శివాలయం కూలింది. దాని నాలుగు దిక్కులా ఉన్న నాలుగు తోరణాలు మాత్రం నిలబడ్డాయి. గుడిని పడగొట్టినవాళ్లు అంత ఎత్తు తోరణాలను వదిలేశారంటే, వదిలేయడం కూడా ఒక నిర్ణయమేనా? పక్కనే ఉన్న ఖుష్ మహల్ అనే సభామందిరంతో వాటికి సంబంధం ఉందా? ఇది ప్రశ్న. దీని మీద ఫిలిప్ వాగనర్, రిచర్డ్ ఈటన్ లాంటి చరిత్రకారులు ఇప్పటికే లోతుగా పనిచేశారు. మీరు వాళ్లని చదివి, ఏకీభవించకపోతే ఎందుకో చెప్పాలి. (అవే తోరణాలు తెలంగాణ రాజముద్రలోకి ఎలా చేరాయన్నది మరో మంచి ప్రశ్న. రాజకీయాలంటే భయం లేనివాళ్లు తీసుకోవచ్చు.)

ఇంకోటి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు వస్తాయని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం దగ్గర తిరిగి కట్టారు. అంతకుముందే నాగార్జునకొండలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను ఎత్తైన చోటికి మార్చి, మిగతా లోయను నీటికి వదిలేశారు. నదుల సంగమంలో నిలబడటానికి కట్టిన గుడిని ఆ సంగమం నుంచి తీసేస్తే, మనం ఇప్పుడు చూస్తున్నది ఏ కాలపు కట్టడం? చాళుక్యులదా, ఇంజనీర్లదా? విప్పినప్పుడు రాళ్ల మీద వేసిన నంబర్లు, ఆనాటి కొలతల చిత్రాలు, కూలీల జ్ఞాపకాలు ఇవన్నీ ఆధారాలే. ఈ దారిన పోయేవాళ్లకి ఇంకా బోలెడంత పని మిగిలి ఉంది.

పాతవే కానక్కర్లేదు. 1925లో చిన్న వయసులోనే పోయిన చిత్రకారుడు దామెర్ల రామారావు, ఆయన పేరిట రాజమండ్రిలో ఉన్న గ్యాలరీ, చేర్యాల పటాలు, శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీల మధ్య తేడా, సినిమా పోస్టర్లు, చివరికి ఊరూరా లేస్తున్న సిమెంటు విగ్రహాలు కూడా ఈ శాస్త్రం పరిధిలోకే వస్తాయి.

ఏయే భాషలు రావాలి?

తెలుగు వచ్చు కదా, అదే మీ ఆస్తి. తెలుగు శాసనాలు మూలంలో చదవగలిగిన ఆర్ట్ హిస్టరీ విద్యార్థులు ప్రపంచంలోనే కొద్దిమంది. అయితే పేపరు చదివే తెలుగుతో కాకతీయ శాసనం చదవలేరు. పాత తెలుగు-కన్నడ లిపి నేర్చుకోవాలి, కాస్త సంస్కృతం కావాలి. అమరావతి, ఫణిగిరి వైపు వెళ్తే బ్రాహ్మీ, ప్రాకృతం. గోల్కొండ వైపు వెళ్తే పారశీకం తప్పదు. హైదరాబాద్‌లో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో పారశీక విభాగం ఉంది. ఉర్దూ వచ్చినవాళ్లు సగం దూరం వచ్చేసినట్టే.

అమెరికా పీహెచ్‌డీల్లో వీటికి తోడు ఫ్రెంచో జర్మనో చదివి అర్థం చేసుకోగలగాలని అడగడం మామూలే. అది చేరాక నేర్చుకోవచ్చు. సంస్కృతం, పారశీకం మాత్రం చేరకముందే మొదలుపెట్టండి.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషులో థీసిస్ రాయగలనా?

రాయగలరు. మాట్లాడే ఇంగ్లీషు గురించి టెన్షన్ పడటం మానేసి చదివే ఇంగ్లీషు మీద పడండి. రోజూ ఒక మంచి వ్యాసం చదివి, అందులో రచయిత ఏం వాదించాడో నాలుగు వాక్యాల్లో మీ మాటల్లో రాయండి. ఈ సాధన ఏడాది చేస్తే కోచింగ్ సెంటర్ చేయలేని పని చేస్తుంది. ముందు తెలుగులో ఆలోచించి రాసుకుని తర్వాత ఇంగ్లీషులో మళ్లీ రాసుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదు. మల్లంపల్లి సోమశేఖర శర్మ గారు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చరిత్ర రాశారు, యూనివర్సిటీ డిగ్రీలు లేకుండానే.

మన శిల్పాల గురించి చదవడానికి విదేశాలకు ఎందుకు?

ఈ ప్రశ్నలో కొంచెం కోపం ఉంటుంది, న్యాయమే. దీనికి రెండు జవాబులు.

మొదటిది, వస్తువులు అక్కడున్నాయి. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ అమరావతి వచ్చేసరికి అక్కడి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి మనుషులు రాళ్ల కోసం స్తూపం దిబ్బను తవ్వుతున్నారు. 1816లో మెకంజీ మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఇప్పుడు ఆ స్తూపం కొంత అమరావతిలో, కొంత చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, కొంత లండన్‌లో ఉంది. మెకంజీ గీయించిన చిత్రాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అలాగని అన్నీ బయటే లేవు. మెకంజీ సేకరించిన కైఫియత్తులు (ఊళ్ల చరిత్ర కథనాలు) చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి, మొగలుల కాలపు పారశీక కాగితాలు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వీటిని చూడకుండా లండన్ వెళ్తే వింతగా ఉంటుంది.

రెండోది, డబ్బు. అమెరికాలో మంచి పీహెచ్‌డీ సీటు వస్తే ఐదారేళ్లు ఫీజు ఉండదు, పైగా స్టయిపెండ్ ఇస్తారు. ఎంఏకి మాత్రం అలా కాదు, ఫీజు మీరే కట్టుకోవాలి. అప్పు చేసి అమెరికాలో ఆర్ట్ హిస్టరీ ఎంఏ చేయొద్దు అనేది నా గట్టి అభిప్రాయం. ఎమ్మెస్ చేసినవాళ్లు తీర్చినట్టు ఈ అప్పు తీరదు. ఇక్కడ ఎంఏ చేసి, నేరుగా అక్కడ పీహెచ్‌డీకి వెళ్లండి. ఈమధ్య కొన్ని అమెరికా యూనివర్సిటీలు మానవీయ శాస్త్రాల్లో పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి, కొన్ని విభాగాలు ఓ ఏడాది ప్రవేశాలే ఆపేశాయి. అందుకని ఒక్క దేశాన్నే నమ్ముకోకండి.

ఇంగ్లండ్‌లో ఎంఏ ఏడాదిలో అయిపోతుంది. లండన్ యూనివర్సిటీలో ఆసియా, ఆఫ్రికా చదువులకు పెట్టిన సోయాస్‌లో దక్షిణాసియా కళకి పాత పేరుంది. జర్మనీలో హైడెల్‌బర్గ్ చూడొచ్చు. జర్మనీలో ఫీజు ఉండదని అందరూ అంటారు గానీ, హైడెల్‌బర్గ్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటి దేశాల విద్యార్థులకు సెమిస్టర్‌కి 1,500 యూరోలు ఉంది.

అమెరికా పీహెచ్‌డీ అప్లికేషన్‌లో ఏం చూస్తారు?

మార్కుల కంటే మీరు పంపే రాత నమూనా ఎక్కువ పనిచేస్తుంది. పదిహేను ఇరవై పేజీల వ్యాసం, అందులో మీ సొంత వాదన, మీరు స్వయంగా చూసిన వస్తువు మీద. తర్వాత స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. అందులో చిన్నప్పుడు అమ్మమ్మ గుడికి తీసుకెళ్లింది అని మొదలుపెట్టకండి, సగం మంది అలాగే మొదలుపెడతారు. మీ ప్రశ్న ఏమిటి, ఆధారాలు ఎక్కడున్నాయి, ఇప్పటివరకు ఏం చేశారు, ఆ విభాగమే ఎందుకు, అంతే. మూడు సిఫార్సు ఉత్తరాలు. జీఆర్ఈ ప్రవేశ పరీక్షని చాలా విభాగాలు ఎత్తేశాయి. గడువులు డిసెంబర్, జనవరి మొదట్లో ఉంటాయి. ఫీజు కట్టలేకపోతే మినహాయింపు అడగండి, అడిగితే ఇచ్చేవాళ్లున్నారు. సీటు వచ్చాక రేపటికల్లా చెప్పమని ఎవరైనా తొందరపెడితే కంగారుపడకండి. చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 వరకు ఆగుతామని ఒప్పుకుని ఉన్నాయి.

ప్రొఫెసర్‌కి మెయిల్ రాస్తే జవాబే రాదు. ఏం చేయాలి?

మీ మెయిల్ ‘రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ హైలీ ఇంట్రెస్టెడ్ ఇన్ ఇండియన్ కల్చర్’ అని మొదలైతే రాదు. ఆయన రాసినది ఒకటి చదివి, దాని మీద ఒక నిర్దిష్టమైన ప్రశ్న అడగండి. ఉదాహరణకి: ‘రామప్పలో గోడలు ఎర్ర ఇసుకరాయి, చూరు కింది మదనికలు (నాట్యభంగిమల్లోని స్త్రీ బొమ్మలు) మాత్రం నల్లరాయి. ఈ రెండు రాళ్ల పనివాళ్లు వేర్వేరు బృందాలని చెప్పడానికి ఏమైనా గుర్తులున్నాయా అని చూస్తున్నాను. వచ్చే ఏడాది మీరు కొత్త విద్యార్థులను తీసుకుంటున్నారా?’ ఎనిమిది పది వాక్యాలు దాటొద్దు. బయోడేటా జతచేయండి, సర్టిఫికెట్లన్నీ స్కాన్ చేసి పంపొద్దు. మూడు వారాల తర్వాత ఒకసారి గుర్తుచేయండి, అప్పటికీ రాకపోతే ఇంకొకరిని చూసుకోండి. ఆడ ప్రొఫెసర్‌కి ‘డియర్ సర్’ అని రాయకండి, ఇది ఇప్పటికీ జరుగుతోంది.

స్కాలర్‌షిప్పులు?

ఎస్సీ తదితర వర్గాల విద్యార్థులకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి ముందు చెప్పాలి. 2022లో మార్చిన నిబంధనల్లో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద చేసే సామాజిక పరిశోధన అంశాలను పథకం నుంచి తీసేశారు. అంటే అమరావతి మీద పరిశోధన చేస్తానంటే దీని కింద రాదు. నా దృష్టిలో ఇది అన్యాయమైన నిబంధన. ఎవరి చరిత్ర రాయబడలేదో వాళ్లకే ఆ దారి మూసేయడం. అప్లై చేసేముందు ఆ ఏడాది మార్గదర్శకాలు చదవండి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షల రూపాయల వరకు ఇస్తుంది. దేశాలు, సబ్జెక్టుల జాబితా ఉంటుంది, సరిచూసుకోండి.

ఇంగ్లండ్‌కి కామన్వెల్త్, ఫెలిక్స్ స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. ఫెలిక్స్ సోయాస్, ఆక్స్‌ఫర్డ్, రెడింగ్‌లకే. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్‌కి 2,800 గంటల పని అనుభవం కావాలి, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. ఇన్‌లాక్స్ ఫౌండేషన్ వాళ్లు ఇలాంటి చదువులను ఆదరిస్తారు. కొద్ది వారాల పరిశోధనకి ఇంగ్లండ్ వెళ్లాలంటే చార్లెస్ వాలెస్ ట్రస్టు. జర్మనీకి డాడ్ (DAAD) అనే ఆ దేశపు స్కాలర్‌షిప్ సంస్థ.

నెట్, జేఆర్ఎఫ్ సంగతి?

నెట్ అంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకూ, జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్‌కూ రాసే జాతీయ పరీక్ష. అందులో ఆర్ట్ హిస్టరీకి విడిగా పేపరు లేదు. విజువల్ ఆర్ట్ అనే 79వ నంబరు సబ్జెక్టులో కలిపేశారు. అందులో పెయింటింగ్, శిల్పం, గ్రాఫిక్స్, అప్లయిడ్ ఆర్ట్ అన్నీ వస్తాయి. కాబట్టి అజంతా తెలిసినంత మాత్రాన సరిపోదు, ప్రింటింగ్ పద్ధతులు, ప్రకటనల రంగం కూడా చదవాలి. 66వ నంబరు మ్యూజియాలజీ, 67వ నంబరు పురావస్తు శాస్త్రం. మీ ఎంఏకి ఏది సరిపోతుందో చూసుకుని రాయండి.

జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000. 2023 జనవరి నుంచి ఈ రేటు. రాకపోతే సెంట్రల్ యూనివర్సిటీలో నాన్-నెట్ ఫెలోషిప్ 8,000, దాంతో హైదరాబాద్‌లో హాస్టల్ బయట బతకడం కష్టం. జేఆర్ఎఫ్‌కి వయోపరిమితి 30. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు ఐదేళ్ల సడలింపు ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయసు పట్టింపు లేదు.

ఉద్యోగం వస్తుందా? ఉన్నమాట చెప్పండి.

తక్కువే. ప్రభుత్వ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే మూలవేతనం 57,700తో మొదలవుతుంది, కానీ ఆ పోస్టులు పడటానికి ఏళ్లు పడుతుంది. ఆర్కిటెక్చర్ కాలేజీల్లో చరిత్ర పాఠం చెప్పేవాళ్లు ఎప్పుడూ కావాలి, ప్రైవేటులో జీతం బేరం మీద ఉంటుంది. మ్యూజియాల్లో సాలార్‌జంగ్, ఢిల్లీ నేషనల్ మ్యూజియం లాంటి ప్రభుత్వ సంస్థలున్నాయి. ప్రైవేటులో ఢిల్లీ కిరణ్ నాడార్ మ్యూజియం, 2023లో బెంగళూరులో భవనం తెరిచిన మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ వచ్చాక కొత్త రకం పనులు పుట్టాయి: కేటలాగ్ రాయడం, ప్రదర్శన తయారుచేయడం, ఆర్కైవ్ డిజిటైజ్ చేయడం. వేలం సంస్థలు, గ్యాలరీలు కూడా తీసుకుంటాయి. డబ్బు అక్కడే కాస్త మెరుగు. వారసత్వ కట్టడాల పరిరక్షణ చేసే ఇంటాక్ లాంటి సంస్థల్లో ప్రాజెక్టు పనులు దొరుకుతాయి, ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది.

ముప్పై ఐదేళ్లకి ఇల్లు, కారు ఉండాలనే లెక్క ఉంటే ఇటు రావొద్దు.

ఇంట్లో ఎలా ఒప్పించాలి?

‘కళ నా ప్రాణం’ అంటే ఎవరూ వినరు. ‘రెండేళ్ల ఎంఏకి సెంట్రల్ యూనివర్సిటీలో ఇంత ఫీజు, హాస్టల్‌కి ఇంత, ఈలోపు నెట్ రాస్తాను, మూడుసార్లలో రాకపోతే బీఈడీయో, ఇంకోటో చేస్తాను’ అని కాగితం మీద రాసి చూపండి. నాన్నలకి అంకెలు చూపిస్తే వినే గుణం ఉంది. వీలైతే 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి బౌద్ధ కళ మీద జరిగిన ప్రదర్శన గురించి కూడా చెప్పండి. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో దొరికిన శిల్పాలు అక్కడిదాకా వెళ్లాయి.

గుళ్లలో ఫొటోలు, కొలతలు తీయనిస్తారా?

కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో మామూలు ఫొటోలకి ఇబ్బంది ఉండదు, ట్రైపాడ్ పెడితే అనుమతి అడుగుతారు. దేవాదాయ శాఖ గుళ్లలో ఈవో (కార్యనిర్వహణాధికారి) గారికి ఉత్తరం, దాని కాపీ జేబులో. గర్భగుడి జోలికి వెళ్లొద్దు. అర్చకుడు గారితో ముందు పది నిమిషాలు మాట్లాడండి. ఏ ఊరు, ఎవరి పిల్లలు అన్న ప్రశ్నలు వస్తాయి, విసుక్కోకండి. ఏ స్తంభం ఎప్పుడు మార్చారో, ఏ విగ్రహం చెరువులో దొరికిందో ఏ రిపోర్టులోనూ ఉండదు, ఆయనకే తెలుసు.

పొద్దున్నే వెళ్లండి. ఏటవాలు వెలుగులో తప్ప అరిగిపోయిన అక్షరాలు కనిపించవు. మిట్టమధ్యాహ్నం తీసిన శాసనం ఫొటో దేనికీ పనికిరాదు. స్తంభాల మీద ఎనామిల్ రంగులు, నూనె మరకలు, సిమెంటు అతుకులు కనిపిస్తే తిట్టుకుంటూ వదిలేయకండి, నోట్‌బుక్‌లో రాయండి. అవీ ఆ కట్టడం చరిత్రే. గుడివాళ్లు వద్దంటే శాసనం మీద సుద్దముక్క, పొడి, నీళ్లు ఏవీ వేయొద్దు.

ఇప్పుడు డిగ్రీ సెకండియర్. ఏం మొదలుపెట్టాలి?

మీ ఊరికి బస్సులో వెళ్లిరాగల దూరంలో ఉన్న పాత కట్టడం ఒకటి ఎంచుకోండి. పేరున్నదే కానక్కర్లేదు, కాకపోతేనే మంచిది. టేపు పట్టుకుని ప్లాను గీయండి. వంకరటింకరగా వచ్చినా ఫరవాలేదు. ప్రతి గోడనీ వరసగా ఫొటో తీసి, తేదీ వేసి, దిక్కు రాసి దాచండి. ఆ ఊరి శాసనాలు ఏవైనా అచ్చయ్యాయేమో చూడండి. దక్షిణ భారత శాసన సంపుటాల్లో పదోది తెలుగు శాసనాలది, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. గుర్గావ్‌లోని అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వాళ్ల ఆన్‌లైన్ ఫొటో ఆర్కైవ్‌లో ఆ గుడి పాత ఫొటో ఉందేమో వెతకండి. ఉంటే, ఆ ఫొటోలో ఉన్నది ఇప్పుడు లేదా, ఇప్పుడున్నది అందులో లేదా పక్కపక్కన పెట్టి రాయండి. ఐదు పేజీలు చాలు. దాన్ని మీ కాలేజీ హిస్టరీ లెక్చరర్‌కి చూపించి తప్పులు దిద్దించుకుని, ఇంకోసారి రాయండి. ఎంఏ ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఆ ఐదు పేజీలూ ఫైల్లో పెట్టుకుని వెళ్లండి.